హెచ్ఎఫ్ఐ ఉన్న పిల్లల తిండి, మందులు, బడి: విశాఖ తల్లిదండ్రుల చర్చ

మధురవాడ_అమ్మ:
అందరికీ నమస్కారమండి. పాపకి రెండున్నరేళ్ళు, 12 కిలోలు. జన్యు పరీక్షలో హెచ్ఎఫ్ఐ, అంటే పళ్ళల్లో ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెర ఒంటికి పడని పుట్టుజబ్బు అని తేలింది. పంచదార, బెల్లం, తేనె, పళ్ళు పూర్తిగా బంద్ అని డాక్టరుగారు రాసిచ్చారు. అంతవరకూ అర్థమైంది. ఏ కూరగాయ ఎంత పెట్టొచ్చు, చింతపండు లేకుండా పులుపెలా, జ్వరమొస్తే ఏ సిరప్ వెయ్యాలి, అంగన్‌వాడీలో ఏం చెప్పాలి, ఇవే తెలియడం లేదు. తెలిసినవాళ్ళు కొలతలతో సహా చెప్తే మేలు.

పిల్లల_వార్డు:
ముందు లోపల ఏం జరుగుతుందో చెప్తానమ్మా. అది తెలిస్తే కొత్త వస్తువు చేతికొచ్చినప్పుడు ఎవర్నీ అడగక్కర్లేకుండా చాలావరకు మీరే తేల్చుకోగలరు.

ఫ్రక్టోజ్ కాలేయంలోకి చేరగానే దానికి ఒక ఫాస్ఫేట్ అతుక్కుని ఫ్రక్టోజ్-1-ఫాస్ఫేట్ అవుతుంది. దాన్ని విడగొట్టాల్సిన ఎంజైమ్ ఆల్డోలేజ్-బి. ఈ పిల్లల్లో అది పనిచెయ్యదు. సరుకు దిగని లారీలు గోడౌన్ ముందు ఆగిపోయినట్టు ఫాస్ఫేటంతా అక్కడే ఇరుక్కుంటుంది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ పడిపోతుంది. దాచిపెట్టిన గ్లైకోజన్ నుంచి గ్లూకోజ్ రాదు, కొత్త గ్లూకోజ్ తయారవదు. తిన్న కాసేపటికే వాంతులు, చెమటలు, పాలిపోవడం, మగత కనబడేది అందుకే. రక్తంలో షుగరు, ఫాస్ఫేటు తగ్గుతాయి, యూరిక్ యాసిడ్, లాక్టిక్ యాసిడ్ పెరుగుతాయి.

కొద్దికొద్దిగా రోజూ లోపలికి పోతుంటే మాత్రం వాంతులు లేకపోవచ్చు. బరువు పెరగదు, కాలేయం ఉబ్బుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. నాకు ఎక్కువ భయం ఈ రెండో రకం మీదే. పైకి ఏమీ తెలియదు.

గుర్తుపెట్టుకోవాల్సినవి మూడు: ఫ్రక్టోజ్, సుక్రోజ్, సార్బిటాల్. సుక్రోజ్ అంటే మన పంచదార, అందులో సగం ఫ్రక్టోజే. సార్బిటాల్ అనే తీపి పదార్థం ఒంట్లోకి వెళ్ళాక ఫ్రక్టోజ్‌గా మారుతుంది. గ్లూకోజ్, పాలల్లో ఉండే లాక్టోజ్, మాల్టోజ్, పిండి పదార్థం, వీటితో ఇబ్బంది లేదు. కాబట్టి అన్నం, పాలు, పెరుగు, నెయ్యి, నూనె, గుడ్లు, చేపలు, రొయ్యలు, కోడి, మేకమాంసం నిశ్చింతగా పెట్టండి.

ఇంకో మాట. పెద్దవాళ్ళలో మామూలుగా కనిపించే 'ఫ్రక్టోజ్ అరగకపోవడం' వేరే జబ్బు, అది పేగులకి సంబంధించింది. దానికి ఫ్రక్టోజ్ తాగించి ఊపిరి పరీక్ష చేస్తారు. హెచ్ఎఫ్ఐ పిల్లలకి ఆ పరీక్ష ప్రాణాంతకం. ఎవరైనా రాస్తే ఒప్పుకోవద్దు.

పోషణ_ఎంవీపీ:
డాక్టరుగారు చెప్పినదానికి లెక్క జోడిస్తాను. చిన్నపిల్లలకి సాధారణంగా పెట్టే హద్దు కిలో బరువుకి రోజుకి 10 నుంచి 20 మిల్లీగ్రాముల ఫ్రక్టోజ్. మీ పాప 12 కిలోలు కాబట్టి రోజు మొత్తానికి 120 నుంచి 240 మి.గ్రా. ఖచ్చితమైన అంకె మీ డాక్టరుగారు చెప్పాలి.

లెక్క వేసే పద్ధతి ఇదీ: విడిగా ఉన్న ఫ్రక్టోజ్, సుక్రోజ్‌లో సగం, సార్బిటాల్ మొత్తం. మూడూ కలపండి. ఒక చెంచా పంచదార 4 గ్రాములనుకుంటే అందులోనే 2,000 మి.గ్రా. ఫ్రక్టోజ్ ఉంది. అంటే వారం రోజుల పైన కోటా ఒక్క చెంచాలో అయిపోయింది.

కూరగాయలు 100 గ్రాములకి సుమారుగా: పాలకూర 200 మి.గ్రా., బంగాళదుంప 350 లోపు, టమాటా 1,400, ఉల్లిపాయ 1,800, క్యారెట్ 2,300, బీట్‌రూట్ 3,000 దాటుతుంది. చిలగడదుంప 2,000 దగ్గర. అరటిపండు 6,000. కీరా చప్పగా ఉంటుంది కదా అని పెడతారు, దాన్లో కూడా 900 దాకా ఉంది. నాలుకని నమ్మకండి.

40 గ్రాముల పాలకూర ఉడికించి పప్పులేకుండా పెడితే 80 మి.గ్రా. వరకు. అదే 40 గ్రాముల టమాటా వేస్తే 560. అందుకే ఈ వయసులో ఆకుకూరలు, కాస్త బంగాళదుంప, అంతే అనుకోండి. రైతుబజార్లో ఆకుకూర తెచ్చాక కాడలు తీసేసి ఆకే వండండి.

గాజువాక_నాన్న:
బంగాళదుంప గురించి ఒక ముఖ్యమైన సంగతి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చలికి అందులోని పిండి విడిపోయి చక్కెరలుగా మారుతుంది, ఫ్రక్టోజ్, సుక్రోజ్ రెండూ పెరుగుతాయి. వేపుడు చేస్తే త్వరగా నల్లబడి తియ్యగా అనిపించే దుంప అలాంటిదే, అది పక్కన పెట్టెయ్యండి. మంచి దుంపైనా తొక్క తీసి, సెంటీమీటరు ముక్కలు కోసి, ముక్కలకి నాలుగైదు రెట్లు నీళ్ళు పోసి పది నిమిషాలు ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి. కుక్కర్లో ఆవిరి మీద ఉడికిస్తే చక్కెర ముక్కలోనే ఉండిపోతుంది. ఆ పద్ధతి వద్దు.

మధురవాడ_అమ్మ:
చాలా థ్యాంక్సండి. పప్పులు? ఇడ్లీ మానెయ్యాలా? పాప అదొక్కటే ఇష్టంగా తింటుంది.

పోషణ_ఎంవీపీ:
ఇడ్లీ మానక్కర్లేదు. పప్పు గింజలన్నిట్లో కొంత సుక్రోజ్ ఉంటుంది. మినపగుళ్ళు ఆరు గంటలు నానబెట్టి, మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చి, చివరి నీళ్ళు కూడా పారబోసి కొత్త నీళ్ళతో రుబ్బండి. నానిన నీళ్ళతోనే రుబ్బితే పిండి బాగా పొంగుతుందని మనవాళ్ళకి అలవాటు, ఇక్కడ అది కుదరదు. పప్పు వంతు తగ్గించి ఇడ్లీ రవ్వ రెండు వంతులకి బదులు మూడు వంతులు వెయ్యండి. రాత్రంతా పులిస్తే మిగిలిన చక్కెరలో కొంత ఆ పులుపులోనే ఖర్చవుతుంది. శనగలు, శనగపప్పు, సోయా, పచ్చి బఠాణీ మాత్రం వద్దు. జీడిపప్పు, వేరుశనగ, కొబ్బరి కూడా వద్దు, వాటిలో సుక్రోజ్ బాగా ఉంటుంది. కొబ్బరినీళ్ళు అసలే వద్దు. అంటే ఇడ్లీకి కొబ్బరి చట్నీ, పల్లీ చట్నీ రెండూ పోయినట్టే. నెయ్యి, కారప్పొడి చాలు. కారప్పొడిలో పప్పులు, చింతపండు వెయ్యకుండా ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పుతో కొట్టుకోండి.

ఇంకోటి, అందరూ ఆరోగ్యమని చెప్పే దంపుడు బియ్యం, ఊక తియ్యని గోధుమపిండి ఈ పిల్లలకి పనికిరావు. సుక్రోజ్ ఉండేది ఆ తవుడులో, మొలకలోనే. పాలిష్ పట్టిన తెల్ల బియ్యం, మైదా నయం. బంధువులు తప్పుబడతారు, పడనివ్వండి.

వంటిల్లు_సీతమ్మధార:
పులుపు సంగతి నేను చెప్తాను. చింతపండు బరువులో సగానికి పైగా చక్కెరలే, పులుపు వెనక దాక్కుని ఉంటాయి. ఏ కిరాణా కొట్లోనైనా నిమ్మ ఉప్పు దొరుకుతుంది, సిట్రిక్ యాసిడ్ పలుకులు. అందులో చక్కెర లేదు. అర లీటరు నీళ్ళకి ఒక గ్రాము, అంటే పావు చెంచా లోపు. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి దంచి వేసి మరగనిచ్చి, దించాక నిమ్మ ఉప్పు కలిపి, నేతిలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టండి. చారు ఘుమఘుమలాడుతుంది. మరిగేటప్పుడు రుచి చూస్తూ నిమ్మ ఉప్పు వేస్తూ పోతే చల్లారాక పళ్ళు పులిసిపోతాయి, అందుకే కొలిచి ఒక్కసారే.

మజ్జిగ పులుసుకి శనగపిండి బదులు బియ్యప్పిండి కలపండి. ముక్కలు వెయ్యొద్దు. పుల్ల పెరుగైతే నిమ్మ ఉప్పు కూడా అక్కర్లేదు. ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన వంజరమో పండుగప్పో ఉప్పు, పసుపు, కారం, చిటికెడు నిమ్మ ఉప్పు పట్టించి వేయిస్తే పిల్లలు ఇష్టంగా తింటారు. ప్యాకెట్ ఫిష్ ఫ్రై మసాలా వాడకండి, చాలావాటిలో పంచదార ఉంటుంది.

అసలు మన ఉత్తరాంధ్ర వంటకి బెల్లం అలవాటు ఎక్కువ. పక్కనే అనకాపల్లి ఉంది మరి. పప్పుచారు, పులుసు, పచ్చడి, ఎక్కడైనా చిన్న ముక్క పడుతుంది. 'బెల్లం వేశారా' అని అడిగితే చుట్టాలు లేదనే అంటారు, ఎందుకంటే ఆ చిన్న ముక్క వాళ్ళ దృష్టిలో లెక్కే కాదు. పెళ్ళిళ్ళకి వెళ్తే పెరుగన్నం డబ్బా పట్టుకెళ్ళండి. హోటల్ సాంబారు ముట్టించకండి.

అనకాపల్లి_శ్రీను:
తాటిబెల్లం, పటికబెల్లం అయితే సహజమైనవి కదా, కొంచెం పర్లేదేమో?

పోషణ_ఎంవీపీ:
పర్లేదు కాదండీ, ప్రమాదం. పటికబెల్లం అంటే గడ్డకట్టిన సుక్రోజే. తాటిబెల్లమైనా, చెరకు బెల్లమైనా, తేనైనా ఫలితం ఒకటే. ఈ వేదికలో చదివి ఎవరైనా పెట్టే అవకాశం ఉంది కాబట్టి గట్టిగా చెప్తున్నాను, ఏమీ అనుకోకండి.

తీపి కావాలంటే గ్లూకోజ్ పొడి, అంటే డెక్స్‌ట్రోజ్, ఏ రుచీ కలపనిది. అదే కంపెనీ అమ్మే నారింజ, నిమ్మ రుచుల డబ్బాల్లో పంచదార ఉంటుంది, కాబట్టి ప్రతిసారీ వెనక చదవండి. పంచదార కంటే తీపి తక్కువ, ఒకటిన్నర రెట్లు వేస్తే సరిపోతుంది. సేమియా పాయసం దించాక కలపండి. కేకు చేస్తే గ్లూకోజ్ త్వరగా ఎర్రబడుతుంది, ఓవెన్ 180 బదులు 160 డిగ్రీల మీద ఉంచి కాస్త ఎక్కువసేపు కాల్చాలి.

మందులషాపు_డాబాగార్డెన్స్:
ఇప్పుడు అసలు గండం దగ్గరికి వద్దాం. వంటింట్లో అంతా జాగ్రత్తగా ఉండే ఇళ్ళల్లో కూడా చక్కెర లోపలికి పోయేది మందు సీసాలోంచే. పిల్లల సిరప్‌లు దాదాపు అన్నీ సుక్రోజ్‌తోనో సార్బిటాల్‌తోనో తయారవుతాయి. 5 మి.లీ. సిరప్‌లో 2 గ్రాముల పంచదార ఉందనుకోండి, 1,000 మి.గ్రా. ఫ్రక్టోజ్. రోజుకి మూడుసార్లు వేస్తే 3,000. పాప హద్దు 240. జ్వరం తగ్గించడానికి వేసిన మందే కాలేయాన్ని దెబ్బకొడుతుంది.

సీసా తిప్పి చూడండి. ముందు పెద్ద అక్షరాల్లో మందు పేరు, బలం ఉంటాయి. వెనక చిన్న అక్షరాల్లో 'ఫ్లేవర్డ్ సిరప్ బేస్' అనో, 'సార్బిటాల్ సొల్యూషన్ 70 శాతం' అనో ఉంటుంది. సిరప్ బేస్ అంటే పంచదార పాకం అనే అర్థం. ఎంత ఉందో రాయకపోవచ్చు, అలాంటప్పుడు ఉందనే అనుకోవాలి. 'షుగర్ ఫ్రీ' అని రాసి అమ్మేవి షుగరు జబ్బు ఉన్నవాళ్ళ కోసం. వాటిలో తీపి సార్బిటాల్‌తోనో మాల్టిటాల్‌తోనో వస్తుంది. హెచ్ఎఫ్ఐకి ఇవి మామూలు సిరప్ కంటే ప్రమాదం, ఎందుకంటే నమ్మి వేస్తారు.

జ్వరానికి పారాసిటమాల్ సపోజిటరీలు దొరుకుతాయి, 80, 170, 250 మిల్లీగ్రాములవి. మలద్వారం ద్వారా పెట్టేవి, పంచదార ఉండదు. మోతాదు కిలోకి 15 మి.గ్రా., కాబట్టి 12 కిలోల పాపకి 170 సరిపోతుంది. రెండు మోతాదుల మధ్య కనీసం ఆరు గంటలు ఆగండి. ఫ్రిజ్‌లో దాచండి, మన ఉక్కపోతకి బయట ఉంచితే కరిగిపోతాయి. లేదంటే మామూలు మాత్ర డాక్టరు చెప్పినంత నలిపి పాలల్లో కలపొచ్చు. మామూలు మాత్రల్లో ఉండేవి పిండి, లాక్టోజ్. నమిలే మాత్రలు, చప్పరించేవి, చక్కెర పూత పూసినవి వద్దు. యాంటీబయాటిక్ డ్రై సిరప్ పొడిలో పంచదార ఉంటుంది, దాని బదులు మాత్ర రాయమని డాక్టరునే అడగండి. గ్రైప్ వాటర్, దగ్గు మందులు, మల్టీవిటమిన్ చుక్కలు, జింక్ సిరప్, ఐరన్ సిరప్, మలబద్ధకానికిచ్చే లాక్టులోజ్, అన్నీ ఇదే కోవ.

ప్యాకెట్ తిండికి ఐఎన్ఎస్ నంబర్లు, అంటే అందులో కలిపిన పదార్థాల కోడ్ నంబర్లు, జేబులో రాసుకోండి. 420 సార్బిటాల్, 953 ఐసోమాల్ట్, 965 మాల్టిటాల్, 966 లాక్టిటాల్. ఇవి వద్దు. 951, 954, 955, 960 వేరే తీపి పదార్థాలు, వాటిలో ఫ్రక్టోజ్ రాదు, అయినా వాటితో కలిపిన మిగతా పొడి ఏంటో చూడాలి. ఇన్వర్ట్ సిరప్‌లో సగం దాకా ఫ్రక్టోజే. పిల్లల టూత్‌పేస్టుల్లో కూడా సార్బిటాల్ ఉంటుంది, ఉమ్మడం రాని వయసులో మింగేస్తారు.

పెందుర్తి_వాణి:
విరోచనాలైతే? మా వాడకంలో పంచదార-ఉప్పు నీళ్ళే ఇస్తాం అందరికీ.

పిల్లల_వార్డు:
హెచ్ఎఫ్ఐ పిల్లలకి అది విషంతో సమానం. ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు అని ఆశా కార్యకర్తలు నేర్పేది మిగతా పిల్లలకి మంచిదే, ఈ పిల్లలకి మాత్రం ఎప్పుడూ కలపకూడదు. లీటరు నీళ్ళకి కలిపే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ఓఆర్ఎస్ పొడిలో 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్ ఉంటాయి. పంచదార ఉండదు. ఏ రుచీ కలపని ప్యాకెట్ ఇంట్లో ఎప్పుడూ రెండు ఉంచండి. అట్టపెట్టెల్లో పళ్ళరసం రుచితో అమ్మేవి వద్దు. సూత్రం పాటించని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అని రాయకూడదని ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది, అయినా చదివే కొనండి. ప్యాకెట్ లేని పూట ఉప్పు వేసిన పల్చటి గంజి.

జింక్ 14 రోజులివ్వాలి, ఆరు నెలలు దాటితే 20 మి.గ్రా. సిరప్ కాకుండా నీళ్ళల్లో కరిగే మాత్ర తీసుకుని, దానిలో తీపికి ఏం వాడారో షాపులో చూపించుకోండి.

పొరపాటున తీపి తిన్నదని తెలిస్తే: మెలకువగా ఉండి మింగగలిగితే గ్లూకోజ్ పొడి సుమారు నాలుగు గ్రాములు నీళ్ళల్లో కలిపి తాగించండి, అది కిలోకి 0.3 గ్రాముల లెక్క. మగతగా ఉంటే నోట్లో ఏమీ పొయ్యొద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి. వాంతి ఆగింది కదా అని ఇంట్లో ఉండిపోకండి, షుగర్ మళ్ళీ పడిపోవచ్చు.

క్యాజువాలిటీలో చూపించడానికి ఒక కార్డు పర్సులో ఉండాలి. దాని మీద ఇవి ఉండాలి: హెచ్ఎఫ్ఐ ఉంది. ఫ్రక్టోజ్, సుక్రోజ్, సార్బిటాల్ ఉన్న మందులు, సెలైన్లు ఇవ్వకూడదు. షుగర్ పడిపోతే 10 శాతం డెక్స్‌ట్రోజ్, కిలోకి 2 మి.లీ., తర్వాత డ్రిప్. గ్లూకగాన్ ఇంజెక్షన్ మీద ఆధారపడొద్దు, ఎందుకంటే ఈ స్థితిలో గ్లైకోజన్ విడుదల కాదు. నరానికిచ్చే ఇమ్యూనోగ్లోబ్యులిన్‌లలో కొన్నిటికి సార్బిటాల్ కలుపుతారు, అది కూడా రాయించండి. డ్యూటీలో ఉన్న డాక్టరు ఈ జబ్బు చూసి ఉండకపోవచ్చు, కాబట్టి కేజీహెచ్ అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా మొదట కార్డు, తర్వాత మాటలు.

మధురవాడ_అమ్మ:
కార్డు సంగతి ఎవరూ చెప్పలేదండి. తెలుగు, ఇంగ్లీషు రెండిట్లో చేయిస్తాను. మరి అంగన్‌వాడీ?

గాజువాక_నాన్న:
బాలామృతంలో పంచదార ఉంటుంది, ఇంటికి తీసుకోకండి. పాలు, గుడ్డు తీసుకోవచ్చు. రాసి ఇవ్వండి, ఊరికే నోటితో చెప్తే ఆయమ్మ మారినప్పుడు మాట పోతుంది. బడికెళ్ళే వయసొచ్చాక డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనంలో గుడ్డు, అన్నం వరకే. వేరుశనగ చిక్కీ, బెల్లం వేసిన రాగి జావ, సాంబారు వద్దు. పుట్టినరోజు చాక్లెట్లకి బదులుగా టీచరు దగ్గర ఒక డబ్బా ఉంచండి, అందులో ఇంట్లో చేసిన బియ్యప్పిండి చెక్కలు, శనగపప్పు, నువ్వులు వెయ్యనివి. నులిపురుగుల మాత్ర, ఐరన్ మందు బడిలో ఇచ్చే రోజు ముందుగా చెప్పమనండి. అవి తల్లిదండ్రులు చూడకుండా వెయ్యకూడదని కాగితం మీదే ఉండాలి.

పండగలప్పుడు ఉగాది పచ్చడి, శ్రీరామనవమి పానకం నాలుక మీద చుక్క కూడా వద్దు. సింహాచలం పులిహోరలో చింతపండు. వినాయక చవితికి శనగపప్పు లేని ఉండ్రాళ్ళు పెట్టండి, పిల్లకి పండగ లోటు ఉండదు.

వంటిల్లు_సీతమ్మధార:
ఒక్కటి చెప్పాలి. ఈ పిల్లల్లో చాలామంది తీపి వాసనకే మొహం తిప్పుకుంటారు. దాన్ని పేచీ అనుకుని బలవంతంగా తినిపించే పెద్దవాళ్ళుంటారు. పిల్ల వద్దంటే ఆపండి, ఆ పిల్లకి తెలిసే వద్దంటోంది.

కంచరపాలెం_లత:
మాకు రెండో కాన్పు దగ్గరపడింది. పెద్దవాడికి హెచ్ఎఫ్ఐ. పుట్టగానే ఏం చెయ్యాలండి?

పిల్లల_వార్డు:
తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు ఒక్కొక్కటి వస్తేనే జబ్బు వస్తుంది, కాబట్టి ప్రతి కాన్పుకీ నాలుగో వంతు అవకాశం. పెద్దవాడి రిపోర్టులో ఏ మార్పులున్నాయో అవి తెలిసినందువల్ల బిడ్డకి ఆ రెండు చోట్లే చూస్తే చాలు, పూర్తి పరీక్ష కంటే త్వరగా తేలుతుంది. హైదరాబాద్‌లోని డీఎన్ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీలో జన్యు పరీక్షల విభాగం ఉంది, నమూనా ఎలా పంపాలో మీ డాక్టరు ద్వారా ఇప్పుడే కనుక్కోండి. యూరప్‌లో ఎక్కువగా కనిపించే మార్పులు మాత్రమే వెతికే పరీక్ష మనకి చాలదు. మన దేశంలో వేరే మార్పులు కూడా ఉన్నాయి.

రిపోర్టు వచ్చేదాకా తల్లిపాలు మాత్రమే. తల్లిపాలల్లో ఉండేది లాక్టోజ్, మీరు పళ్ళు తిన్నా పాలకి ఏమీ కాదు. పుట్టగానే తేనె నాకించడం, పంచదార నీళ్ళు, గ్రైప్ వాటర్, వీటన్నిటికీ ముందే ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పి పెట్టండి. ఆరో వారంలో నోట్లో వేసే రోటావైరస్ టీకాలో సుక్రోజ్ ఉంటుంది. మన రాష్ట్రంలో అది 2016 నుంచి అందరికీ వేస్తున్నారు, ఏఎన్ఎం అడక్కుండానే వేసేస్తారు. రిపోర్టు చూసి డాక్టరు చెప్పేవరకు ఆ ఒక్క టీకా ఆపమని కార్డు మీద రాయించుకోండి. ఇంజెక్షన్ టీకాలు వాయిదా వెయ్యక్కర్లేదు.

పోషణ_ఎంవీపీ:
పళ్ళు, కూరలు తగ్గినందువల్ల ఈ పిల్లలకి విటమిన్-సి, ఫోలేట్ లోటు వస్తుంది. చక్కెర, సార్బిటాల్ లేని మాత్ర రూపంలో రోజూ ఇవ్వాలి, ఎంతన్నది డాక్టరు రాస్తారు. నమిలే విటమిన్-సి బిళ్ళలు వద్దు. బరువు, పొడుగు నెలనెలా రాసి పెట్టుకోండి. పెరుగుదల గీత వంగితే ఎక్కడో చక్కెర పోతోందని అర్థం, అప్పుడు మొదట మందుల పెట్టె చూడండి, తర్వాత వంటిల్లు.

విజయ్_ల్యాబ్:
ఆ అనుమానం వచ్చినప్పుడు మూత్ర పరీక్ష గురించి అడుగుతుంటారు. గ్లూకోజ్ స్ట్రిప్ ఫ్రక్టోజ్‌ని పట్టుకోదు, అది గ్లూకోజ్‌కే రంగు మారుతుంది. బెనెడిక్ట్ ద్రావణం 5 మి.లీ.లో ఎనిమిది చుక్కల మూత్రం వేసి రెండు నిమిషాలు మరిగిస్తే నీలం నుంచి ఆకుపచ్చ, పసుపు, ఇటుక ఎరుపు వైపు మారుతుంది. బెనెడిక్ట్ మారి స్ట్రిప్ మారకపోతే గ్లూకోజ్ కాని చక్కెర ఏదో ఉందన్నమాట. కానీ తీపి తిన్న కొన్ని గంటలే కనిపిస్తుంది, పైగా విటమిన్-సి మాత్ర వేసుకున్నా రంగు మారుతుంది. కాబట్టి రంగు మారలేదని నిశ్చింతగా ఉండకండి. మూత్రం ఇచ్చేటప్పుడు ఏ మాత్రలు వాడుతున్నారో ల్యాబులో చెప్పండి.

మధురవాడ_అమ్మ:
అందరికీ ధన్యవాదాలండి. ఈ రాత్రే మందుల పెట్టె మొత్తం తీసి సీసాలన్నీ వెనక్కి తిప్పి చూస్తాను. డాబాగార్డెన్స్ గారూ, విటమిన్-డి చుక్కలు కూడా అందులోకే వస్తాయా?

మందులషాపు_డాబాగార్డెన్స్:
కొన్ని నూనెలో కలిపినవి, కొన్ని తియ్యటి ద్రావణంలో కలిపినవి ఉంటాయమ్మా. నూనెలో ఉన్నది అడగండి. సీసా తెరిచి చూస్తే నూనెలా జిడ్డుగా ఉంటుంది, నీళ్ళల్లో వేస్తే పైకి తేలుతుంది. అయినా వెనక రాసింది చదివాకే వెయ్యండి, ఎందుకంటే అదే పేరుతో రెండు రకాలూ వస్తాయి.